చవక ఇంజనుకు పరీక్ష

దుకాణంలో అద్దాల బీరువా వెనక రెండు బొమ్మ రైలింజన్లు పక్కపక్కన నిలబెట్టి వున్నాయనుకోండి. రెండూ జానెడు పొడవే. రెండింటిదీ ఒకటే ఆకుపచ్చ రంగు, ఒకటే పేరు, ఒకటే నంబరు. కాని ధర చీటీ తిప్పి చూస్తే రెండోది మొదటిదానికి మూడు రెట్లు! అప్పుడు కొనేవాడి మనసులో రెండు అనుమానాలు ఒకేసారి లేస్తాయి. ‘ఖరీదైనది కొంటే నన్ను తెలివితక్కువ వాడి కింద జమ కడతారేమో’ అని ఒకటి. ‘చవకది కొంటే ఇంటికి వెళ్ళేలోపల పాడవుతుందేమో’ అని రెండోది. ఈ రెండు అనుమానాల మధ్య నలిగి, చివరికి చాలామంది ఏ ఇంజనూ కొనకుండా ఒక బంతి కొనుక్కుని ఇంటికి పోతారు.

ఈ వారం ఆ అనుమానం తీర్చుకుందాం. ముందుగా ఒక మాట. నేను చెప్పేది తాళం తిప్పి వదిలే బొమ్మ గురించి కాదు, కడుపులో బ్యాటరీ పెట్టుకుని గచ్చు మీద గిరగిరా తిరిగే ప్లాస్టిక్ బండి గురించీ కాదు. అసలు రైలింజనును కొలతలు తీసి, అదే నిష్పత్తిలో చిన్నది చేసి, పట్టాల మీద కరెంటుతో నడిచేటట్టు తయారుచేసిన నమూనా ఇంజను గురించి. ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో, జపానులో ఈ సరదా తాతల నాటి నుంచీ వుంది. మన దేశంలో ఇంకా కొద్దిమందికే అబ్బింది. అయితే ఇప్పుడు మనవాళ్ళు లేని దేశమేదీ? లండనులో కొడుకు, డాలస్‌లో కూతురు. చూడబోయిన తాతగారు తిరిగి వస్తూ మనుమడికో రైలు పెట్టెలో పెట్టుకు వస్తారు. అందుకని ఈ సంగతులు మనకూ పనికొస్తాయి.

అసలు సూత్రం ముందే చెప్పేస్తాను. ధర తగ్గించడం తప్పు కాదు. ధర ఎక్కడ తగ్గించారన్నదే ప్రశ్న. చీర చవకగా ఇవ్వాలంటే అంచులో జరీ తగ్గించవచ్చు; అది నిజాయితీ. నూలు బలం తగ్గిస్తే అది మోసం. ఇంజను కూడా అంతే. పైపై సొగసులో తగ్గించినది మంచి చవక. చక్రంలో, పళ్ళచక్రంలో, కరెంటు అందుకునే రేకులో తగ్గించినది చెడ్డ చవక. ఈ రెండింటినీ కంటితో, చేత్తో, గడియారంతో వేరుచేయవచ్చు.

చవక ఇంజను అంటే మూతి విరిచేవారికి ఒక పాత కథ చెప్పాలి. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన మెకానో అనే ఆటవస్తువు కనిపెట్టి 1901లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన కంపెనీ 1920లో తాళంతో నడిచే రైళ్ళు మొదలుపెట్టింది. ఆయన పోయాక, 1938లో అదే కంపెనీ బల్ల మీద పట్టే చిన్న సైజులో ‘హార్న్‌బీ డబ్లో’ అనే రైళ్ళు దించింది. పోతపోసిన లోహపు ఇంజన్లు. చేతిలోకి తీసుకుంటే బరువు, చూస్తే ఠీవి. ధర కూడా ఆ ఠీవికి తగ్గట్టే వుండేది. యుద్ధం అయిపోయిన తరువాత, 1950 క్రిస్మసుకు, రోవెక్స్ అనే చిన్న ప్లాస్టిక్ కంపెనీ మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల కోసం ఒక రైలు సెట్టు చేసింది. ‘ప్రిన్సెస్ ఎలిజబెత్’ అనే పెద్ద ఇంజనుకు నమూనా అది. పై తొడుగు ప్లాస్టిక్. ధర సామాన్యుడికి అందేది.

ఆ ప్లాస్టిక్‌లో లోపం లేకపోలేదు. తొలి రోజుల్లో వాడిన సెల్యులోజ్ ఎసిటేట్ కాలం గడిచేకొద్దీ వంగిపోయేది. పెట్టెలు అరటికాయల్లా వంపు తిరిగాయని ఇప్పటికీ ఆ పాత సరుకును చూసి నవ్వుకుంటారు. అయితే 1951లో లైన్స్ బ్రదర్స్ అనే పెద్ద ఆటవస్తువుల సంస్థ రోవెక్స్‌ను కొనేసి, ఆ రైళ్ళకు ‘ట్రయాంగ్’ అని పేరు పెట్టింది. ప్లాస్టిక్ మెరుగుపడింది. కరెంటు రెండు పట్టాల్లోనే నడిచేది. డబ్లో వారు మూడో పట్టా వదిలి రెండు పట్టాలకు రావడానికి 1959 దాకా పట్టింది. చివరికి ఏమైందంటే, 1964లో లైన్స్ బ్రదర్స్ మెకానో కంపెనీనే కొనేసింది. ప్లాస్టిక్ ఇంజను లోహపు ఇంజనును మింగింది!

ఈ కథలో మనకు కావలసిన నీతి ఒకటుంది. ట్రయాంగ్ వారు తొడుగులో డబ్బు మిగిల్చారు. లోపల మాత్రం విప్పి బాగుచేసుకోవడానికి వీలైన మోటారు పెట్టారు. బ్రష్షులు అరిగితే మార్చుకోవచ్చు, ఇరుసుకు నూనె వేసుకోవచ్చు. అందుకే 1950లలో, 1960లలో తయారైన ఆ ఇంజన్లలో కొన్ని ఈనాటికీ తిరుగుతున్నాయి. చవకగా పుట్టినా అల్పాయుష్షుతో పుట్టలేదన్నమాట.

ఇక బీరువాలోని మన రెండు ఇంజన్ల దగ్గరికి వద్దాం. ఒకదాని ధర మూడో వంతు కావడానికి మంచి కారణాలు ఏమేమి వుండవచ్చు?

మొదటిది, అచ్చు పాతది కావడం. నమూనా ఇంజను తయారీలో పెద్ద ఖర్చు ఉక్కు అచ్చులకే. ప్లాస్టిక్‌ను కరిగించి ఆ అచ్చుల్లోకి ఎక్కిస్తారు. ఒకసారి అచ్చు ఖర్చు రాబట్టుకున్నాక, అదే అచ్చుతో ఇంకో ఇరవై ఏళ్ళు సరుకు తీయవచ్చు. ఇటలీలో లిమా అనే కంపెనీ వుండేది. అది మూతపడ్డాక 2004లో దాని అచ్చులు హార్న్‌బీ చేతికి వచ్చాయి. ఆ అచ్చుల్లో కొన్ని తరువాత హార్న్‌బీ వారి ‘రైల్‌రోడ్’ అనే చవక వరసలో మళ్ళీ బయటికొచ్చాయి. పాత తొడుగు కింద కొత్త మోటారు పెట్టి అమ్మితే అది కొనేవాడికి లాభమే.

రెండోది, చేతిపట్టీలు. అసలు ఇంజనుకు డ్రైవరు ఎక్కేటప్పుడు పట్టుకునే కడ్డీలు వుంటాయి గదా. ఖరీదైన నమూనాలో వీటిని సన్నని తీగతో విడిగా చేసి ఒక్కొక్కటీ గుచ్చుతారు. చవక దాంట్లో అవి తొడుగు మీదే ఉబ్బెత్తు గీతలుగా అచ్చుపడి వుంటాయి. రెండు గజాల దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. పైగా ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేతికి ఇచ్చేటప్పుడు తీగ కడ్డీల కన్నా అచ్చు గీతలే మేలు. విరిగేందుకు ఏమీ వుండదు.

మూడోది రంగులూ అక్షరాలూ. ప్రతి రంగుకూ, ప్రతి గీతకూ ఇంజను మరోసారి ముద్ర కింద పడాలి. గీతలు తగ్గిస్తే ధర తగ్గుతుంది. నాలుగోది డ్రైవరు గదిలో మీటలు, గడియారాలు చెక్కకపోవడం. ఐదోది ఈలలు, ఆవిరి చప్పుళ్ళు చేసే సరంజామా పెట్టకపోవడం. ఇవన్నీ జరీ కిందికి వస్తాయి. జరీ తగ్గినందుకు ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు.

ఇక నూలు సంగతి. ఇంజను ఎలా నడుస్తుందో ఒక్క నిమిషం ఆలోచించండి. కంట్రోలరు నుంచి 12 వోల్టుల కరెంటు ఒక పట్టాలోకి వస్తుంది. ఆ పట్టా మీద వున్న చక్రం దాన్ని అందుకుంటుంది. చక్రాన్ని సన్నని లోహపు రేకు ఒరుసుకుంటూ వుంటుంది. ఆ రేకు నుంచి మోటారుకు, మోటారు నుంచి అవతలి వైపు రేకుకు, చక్రానికి, రెండో పట్టాకు. అంతే దారి. దారిలో ఎక్కడ దుమ్ము కణం అడ్డుపడినా ఇంజను ఆగిపోతుంది. ఆరు చక్రాలు కరెంటు అందుకుంటున్నాయనుకోండి. ఒక దాని కింద దుమ్ముపడితే మిగిలినవి ఆదుకుంటాయి. రెండే అందుకుంటుంటే ఆదుకునే దిక్కుండదు.

అందుచేత, ఇంజను కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎన్ని చక్రాలు కరెంటు అందుకుంటాయి?’ అని. అంగడివాడికి తెలియకపోతే మీరే తేల్చుకోవచ్చు. పట్టా ముక్క మీద ఇంజను పెట్టించండి. ముందు ఇరుసు చక్రాల కింద చిన్న కాగితం ముక్క దూర్చి కరెంటు ఇప్పించండి. ఇంజను కదలబోయిందా, వెనక చక్రాలు పనిచేస్తున్నాయన్నమాట. ఈసారి కాగితం వెనక్కి మార్చండి. రెండు విధాలా కదిలితే సంతోషం. ఒక విధానే కదిలితే జాగ్రత్త పడండి.

ఇక్కడే ఇంకో కిటుకుంది. పట్టు కోసం కొన్ని ఇంజన్ల చక్రాలకు రబ్బరు కట్లు తొడుగుతారు. రబ్బరు పట్టాను గట్టిగా పట్టుకుంటుంది, నాలుగు పెట్టెలు ఎక్కువ లాగుతుంది. కాని రబ్బరులోంచి కరెంటు పోదు. పెద్ద ఇంజనుకు పన్నెండు చక్రాలుండి, అన్నీ కరెంటు అందుకునేవైతే, రెండింటికి రబ్బరు వేసినా నష్టం లేదు. నాలుగే చక్రాలున్న బుల్లి ఇంజనుకు రెండింటికి రబ్బరు వేస్తే సగం నోరు కుట్టేసినట్టే. సెట్లలో తరచుగా కనిపించేవి ఈ నాలుగు చక్రాల బుల్లి ఇంజన్లే. పైగా వాటి ఇరుసుల మధ్య దూరం తక్కువ. పాయింట్ల దగ్గర పట్టాలు ఒకదాన్నొకటి దాటేచోట కొన్ని రకాల్లో ప్లాస్టిక్ ముక్క వుంటుంది. దాని మీద చక్రానికి కరెంటు అందదు. పొడుగాటి ఇంజను మిగతా చక్రాల మీద దాటేస్తుంది. బుల్లిది సరిగ్గా అక్కడే చతికిలబడుతుంది. పిల్లవాడు వేలితో తోస్తాడు. మళ్ళీ తోస్తాడు. మూడు రోజులు తోసి, నాలుగో రోజు రైలు పెట్టెను మంచం కిందికి తోస్తాడు.

అసలు బాధ అక్కడ వుంది. చవక ఇంజను చెడిపోతే పోయేది ఆ డబ్బు మాత్రమే కాదు. ‘రైళ్ళంటే ఇంతే, ఆగిపోతుంటాయి’ అని పిల్లవాడి మనసులో పడిపోతుంది. పట్టాలు పరచడం, స్టేషను కట్టడం, కరెంటు దారి తెలుసుకోవడం, ఓపికగా తప్పు వెతకడం, ఇవన్నీ నేర్పగల సరదా ఒకటి ఆ రోజుతో మూతపడుతుంది. అందుకని తొలి ఇంజను అందంగా లేకపోయినా ఫరవాలేదు, ఆగకూడదు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద పరీక్ష. చాలామంది దుకాణంలో ఏం చేస్తారంటే, కంట్రోలరు మీట చివరి దాకా తిప్పి, ఇంజను రివ్వున పరుగెత్తితే ‘భేష్, గట్టి ఇంజను’ అంటారు. ఇది పూర్తిగా తలకిందుల పరీక్ష. వేగంగా పరుగెత్తడం ఎంత చెత్త ఇంజనుకైనా చేతనవును. నెమ్మదిగా నడవడమే విద్య. సైకిలు నేర్చుకునేవాడిని చూడండి, వేగంగా పోగలడు. నిదానంగా పొమ్మంటే పడతాడు.

కాస్త లెక్క వేసుకుందాం. ఇంగ్లండులో ఎక్కువమంది వాడే కొలతకు ‘డబుల్ ఓ’ అని పేరు. అందులో అసలు రైలు సుమారు 76 వంతుల్లో ఒక వంతుగా తగ్గుతుంది. మనిషి మామూలు నడక గంటకు 5 కిలోమీటర్లు అనుకుంటే, ఆ లెక్కన నమూనా ఇంజను సెకనుకు 18 మిల్లీమీటర్లు కదలాలి. అంటే పట్టా పక్కన బడిపిల్లలు వాడే 30 సెంటీమీటర్ల స్కేలు పెడితే, అది దాటడానికి ఇంజనుకు 16 లేక 17 సెకన్లు పట్టాలి. గంటకు 100 కిలోమీటర్ల మెయిలు వేగమైతే ఆ స్కేలు ఒక సెకను లోపలే దాటిపోతుంది. ఇక సెకనుకు మీటరు చొప్పున బల్ల మీద చక్కర్లు కొట్టే బుల్లి ఇంజను అసలు లెక్కలో ఎంత వేగంతో పోతున్నట్టో తెలుసా? గంటకు 274 కిలోమీటర్లు! మన వందే భారత్ రైలుకు రూపకల్పనలో పెట్టిన హద్దే 180. యార్డులో పెట్టెలు అటూ ఇటూ తోసుకునే బొగ్గింజను దాన్ని మించి పరుగెత్తడం చూస్తే నవ్వు రాదూ?

అందుచేత స్కేలూ గడియారమూ పెట్టండి. మీటను సున్నా నుంచి వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. మంచి ఇంజను ఒళ్ళు విరుచుకున్నట్టు మెల్లిగా కదులుతుంది. చెడ్డది సగం దాకా ఉలకదు పలకదు, ఆ తరువాత ఒక్క గంతు వేస్తుంది. కదిలాక వేగం తగ్గిస్తూ రండి. స్కేలును 10 సెకన్లకు తక్కువ కాకుండా, మధ్యలో ఆగకుండా, కుదుపు లేకుండా దాటితే, చవక ఇంజనుకు అది మొదటి తరగతి మార్కు. 16 సెకన్లు పట్టేలా పాకితే మారు మాట్లాడకుండా డబ్బు చెల్లించండి. ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి చూడడం మరవవద్దు. ముందుకు బాగా నడిచి వెనక్కి మొరాయించేవి కొన్ని వుంటాయి.

నడుస్తుండగా చెవి కూడా పెట్టండి. సమంగా గుర్రుమని వచ్చే చప్పుడు మంచిదే. చక్రం ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్కసారి ‘టిక్కు’మంటే అనుమానించండి. లోహపు ఇరుసు మీద బిగించిన ప్లాస్టిక్ పళ్ళచక్రం ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోయి పగులుతుంది. పగులు దగ్గర పళ్ళ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడం మీద తిరిగినప్పుడల్లా ఆ టిక్కు వినిపిస్తుంది. కొత్త ఇంజనులో కన్నా చాలాకాలం పెట్టెలో పడివున్న పాత సరుకులో ఇది ఎక్కువ.

తరువాత కన్ను పట్టా మట్టానికి దించి ఎదురుగా చూడండి. చక్రాలు నిటారుగా తిరుగుతున్నాయా, ఊగుతున్నాయా? ఊగే చక్రం కుంటి నడక నడుస్తుంది, పాయింట్ల దగ్గర పట్టా తప్పుతుంది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం ఈ సైజులో సుమారు 14.4 నుంచి 14.5 మిల్లీమీటర్లు వుండాలి. ఇంజను మాటిమాటికీ పట్టా తప్పుతుంటే చాలామంది పట్టాను తిట్టుకుంటారు. ముందు ఈ దూరం కొలిచి చూడాలి.

ఆ పైన ఇంజనును అరచేతిలో పెట్టుకుని బరువు చూడండి. బరువే పట్టు. తేలికైన ఇంజను ఖాళీగా చక్కగా నడిచి, మూడు పెట్టెలు తగిలిస్తే చక్రాలు తిరుగుతూ నిలబడిపోతుంది. అందుకని దుకాణంలో పెట్టెలు తగిలించి లాగించి చూడమని అడగడంలో సిగ్గుపడవద్దు. కొనబోయే గుమ్మడికాయను తట్టి చూస్తాం గదా!

అడుగున తిప్పి చూస్తే స్క్రూ తలలు కనిపించాలి. విప్పడానికి దారి వుందంటే చేసినవాడు బాగుచేసుకోవడం గురించి ఆలోచించాడన్నమాట. ఈనాటి చిన్న మోటార్లు చాలావరకు డబ్బాలా మూసివుంటాయి. ట్రయాంగ్ నాటి మోటారులా బ్రష్షులు మార్చే వీలుండదు. అరిగితే మోటారే మార్చాలి. అందుకని ‘మోటారు విడిగా దొరుకుతుందా?’ అని అడగండి. దొరుకుతుందంటే ఆ ఇంజనుకు రెండో జన్మ వుంది.

‘డిజిటల్ అమరిక’ అనే మాట కూడా దుకాణంలో వినిపిస్తుంది. ఒకే పట్టా మీద రెండు మూడు ఇంజన్లను వేరువేరుగా నడిపించే పద్ధతి అది. 1990లలో అమెరికా నమూనా రైళ్ళ సంఘం, జర్మనీలోని లెంజ్ కంపెనీ చేసిన పనిని ఆధారం చేసుకుని, దానికి ప్రమాణాలు ఏర్పరిచింది. ఆ పద్ధతికి ఇంజనులో ఒక చిన్న చిప్పు కావాలి. ఖరీదైన ఇంజన్లలో ఆ చిప్పు గుచ్చుకునేందుకు సాకెట్టు వుంటుంది. బుల్లి చవక ఇంజన్లలో చాలావాటికి వుండదు. కొత్తగా మొదలుపెట్టేవారికి, ఒకే ఇంజను వున్నవారికి ఆ సాకెట్టు లేకపోవడం లోపం కాదు. ముందుముందు నాలుగు ఇంజన్లు కొనే ఉద్దేశం వుంటే మాత్రం సాకెట్టు వున్నదానికి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఇక ఇంటికి తెచ్చాక ఒక న్యాయం పాటించాలి. కొత్త ఇంజనును మొదటి అయిదు నిమిషాల్లో తీర్పు చెప్పి పారవేయకూడదు. కొత్త చెప్పులు మొదట కరవవూ? పళ్ళచక్రాలు ఒకదానికొకటి ఒదగాలి, బ్రష్షులు కుదురుకోవాలి. గుండ్రటి పట్టా మీద మధ్యరకం వేగంతో ముందుకు అరగంట, వెనక్కి అరగంట తిప్పండి. దుకాణంలో స్కేలు పరీక్షలో సగం మార్కులు వచ్చినది ఆ గంట తరువాత మూడు వంతులు తెచ్చుకోవచ్చు. నూనె అవసరమైతే సూదిమొనకు అంటినంతే. తలకు రాసినట్టు రాస్తే అది చక్రాల మీదికి, చక్రాల నుంచి పట్టాల మీదికి పాకుతుంది. అక్కడ దుమ్మును పట్టి కరెంటుకు అడ్డుగోడ కడుతుంది. పట్టాలను మెత్తని గుడ్డతో తుడవడం మాత్రం పూజకు ముందు పీట తుడిచినంత నియమంగా చేయాలి. మంచి ఇంజనులు చెడ్డపేరు తెచ్చుకునేది చాలాసార్లు మురికి పట్టాల వల్లనే.

పరదేశం నుంచి తెచ్చేవారికి మూడు హెచ్చరికలు.

మొదటిది గోడ కరెంటు. అమెరికాలో గోడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు. మన ఇళ్ళలో 230. అమెరికాలో కొన్న సెట్టు ట్రాన్స్‌ఫార్మరు ఆ దేశపు వోల్టులకు మాత్రమే చేసినదైతే, ఇక్కడ ప్లగ్గు పెట్టగానే కాలిపోతుంది. ప్లగ్గు ఆకారం మార్చే ముక్క వోల్టులను మార్చదు. ట్రాన్స్‌ఫార్మరు మీద చీటీ చదవండి. 100 నుంచి 240 వోల్టుల వరకు అని వుంటే నిర్భయంగా వాడుకోవచ్చు. లేకుంటే ఇంజనును, పట్టాలను తెచ్చుకుని, మన కరెంటుకు తగిన కంట్రోలరు వేరే కొనుక్కోండి.

రెండోది పట్టాల కొలత. ఇంగ్లండు ‘డబుల్ ఓ’ ఇంజను, అమెరికా, ఐరోపాలు వాడే 87వ వంతు ‘హెచ్ ఓ’ ఇంజను రెండూ 16.5 మిల్లీమీటర్ల ఎడమున్న పట్టాల మీదే నడుస్తాయి. ‘ఎన్’ అనే ఇంకా చిన్నదానికి ఆ ఎడం 9 మిల్లీమీటర్లు. ఇది దాని మీద నడవదు. జర్మనీ వారి మెర్క్లిన్ ఇంజన్లు చూడ్డానికి ఆ 87వ వంతే అయినా, వాటి ‘హెచ్ ఓ’ పద్ధతి వేరు: పట్టాల నడుమ బొడిపెల నుంచి కరెంటు తీసుకుంటాయి. వాటిని మామూలు రెండు పట్టాల మీద పెడితే ఫ్యూజు పోయినట్టే అవుతుంది. ఎంత చవకగా దొరికినా మీ పట్టాలకు పొసగని ఇంజను ఖరీదైనదే.

మూడోది మన దేశపు ఇంజను కావాలని ముచ్చటపడేవారికి. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87 వంతులు చేస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. బజారులో దొరికే పట్టా 16.5. అందుకని మన ఇంజను నమూనాను ఆ పట్టా మీద నిలబెడితే, లావుపాటి పెద్దమనిషి కాళ్ళు దగ్గరగా పెట్టుకు నుంచున్నట్టు కనిపిస్తుంది. దాన్ని తయారీ లోపంగా లెక్క కట్టవద్దు. ఇంగ్లండు వారి సొంత ఇంజన్లకూ ఈ తిప్పలు తప్పలేదు. వారి కొలత ప్రకారం పట్టా 18.83 మిల్లీమీటర్లు వుండాలి, వారూ 16.5 మీదే సర్దుకున్నారు.

‘కొత్త చవకది ఎందుకు, పాత మంచిది కొంటే పోలా?’ అనే తెలివైనవారూ వున్నారు. మాట బాగానే వుంది. ఒక్కటి చూసుకోవాలి. ఇంజను అడుగు చట్రం తరచుగా జింకు కలిసిన లోహంతో పోతపోస్తారు. పోత పోసేటప్పుడు అందులో సీసం కలిసిపోతే, కొన్నేళ్ళకు ఆ లోహం లోపలినుంచే కుళ్ళుతుంది. సన్నని వెంట్రుక పగుళ్ళు, ఉబ్బు, వంపు, చివరికి పొడి. యుద్ధానికి ముందటి డబ్లో సరుకులో కూడా ఈ జబ్బు కనిపిస్తుంది. ఈ మధ్య కాలపు వాటికీ అక్కడక్కడ పట్టింది. దీనికి మందు లేదు. పాత ఇంజను కొనేటప్పుడు చట్రం తిన్నగా వుందా, పగుళ్ళున్నాయా అని వెలుతురులో తిప్పి చూడండి. చట్రం బాగుంటే మిగిలిన జబ్బులన్నీ నయమయ్యేవే.

ఇన్ని పరీక్షలూ ఒక చవక ఇంజనుకు అవసరమా అంటారా? ఖరీదైన ఇంజనుకు ఇన్ని అక్కరలేదేమో గాని, చవకదానికే అవసరం. డబ్బున్నవాడు ఒకటి చెడితే ఇంకొకటి కొంటాడు. నెల జీతంలో మిగిల్చి కొనేవాడికి ఆ ఒక్కటే ఇంజను. అది నడవాలి. దుకాణంలో పది నిమిషాలు, ఒక కాగితం ముక్క, ఒక స్కేలు, చేతిలో గడియారం వుంటే చాలు. చేతిపట్టీలు అచ్చుగీతలైనా, అక్షరాలు కొంచెం మసకైనా, స్కేలును మెల్లిగా పాకుతూ దాటి, పాయింట్ల మీద ఆగకుండా, మూడు పెట్టెలు లాగే ఇంజను దొరికితే, బీరువాలో దాని పక్కన మూడు రెట్ల ధరతో నిలబడినదాన్ని చూసి మీరు చిన్నబుచ్చుకోనక్కరలేదు.

వచ్చే వారం పట్టాల సంగతి: భోజనాల బల్ల మీద, ఆవిడ కోప్పడకుండా, రైలు మార్గం వేయడం ఎలా?